పని తెలిసిన మామూలు మనిషి

డ్రైవరు క్లచ్ పూర్తిగా తొక్కడం లేదు. పర్చూరు బస్టాండు దాటిన దగ్గర్నుంచి జక్రయ్యకు అదే వినబడుతోంది. రెండో గేరు నుంచి మూడోదానికి వేసినప్పుడల్లా లోపల పళ్ళు ఒకదాన్నొకటి గీరుకుని, మూలిగి, అప్పుడు కూర్చుంటున్నాయి. బస్సు తనది కాదు, గేరు పెట్టె తనది కాదు, అరిగిపోతే డిపోవాళ్ళ చావు వాళ్ళు చస్తారు. అయినా ప్రతిసారీ జక్రయ్య ఎడమకాలు తనంతట తనే బస్సు నేలను తొక్కుతోంది. పక్కన కూర్చున్న పీరు అది చూస్తూనే ఉన్నాడు. పీరుకు తొక్కడానికి ఎడమకాలు లేదు, తొడ సగం నుంచి కిందంతా చెక్క. అది మడిచిపెట్టుకోవడం కుదరక నడవలోకి చాపుకున్నాడు. టిక్కెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు దానికి తట్టుకుని, "కాలు లోపలికి తీసుకోవయ్యా పెద్దమనిషీ" అంటే, "అది నా మాట వినదండీ, మీరే చెప్పి చూడండి" అన్నాడు. ముందు సీట్లలో పత్తి తీయడానికి పోయే ఆడవాళ్ళు నవ్వారు. జక్రయ్య నవ్వలేదు. అతని ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, సంచిలో టైపు కొట్టిన కాగితాలు, ఆ కాగితాల్లో ఒక్క వాక్యం. మిగతావి ఎలా ఉన్నా ఫరవాలేదు. ఆ ఒక్క వాక్యం కింద సంతకం పెట్టాలా వద్దా అన్నది గుంటూరు చేరేలోపు తేలాలి. సాయంత్రం బండికి లాయరు భుజంగరావుగారు హైకోర్టుకు బయల్దేరతారు. రేపు అప్పీలు పిలుస్తారు.

వాక్యం ఇదీ. "కోతపండుగనాడు సంఘములో నేను చెప్పిన మాటలు ఆనవాయితీగా చెప్పినవే గాని వాస్తవములు కావు." వాస్తవములు కావు అంటే అబద్ధాలని. లాయరుగారు అంత మాట అనలేదు, మెత్తగా రాయించారు, కాని మెత్తగా రాసినా గట్టిగా రాసినా అర్థం అదే. చర్చిలో, అయ్యగారి పక్కన, పేటంతా వింటుండగా నిలబడి చెప్పింది అబద్ధమని కోర్టు కాగితం మీద ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం చేసేదీ ఆ దేవుడి మీదే. పొద్దున రెబ్కా గిన్నెలో అన్నం పెడుతూ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో రెబ్కా ఏమీ అనకపోవడమంటే ఏమిటో జక్రయ్యకు తెలుసు. పచ్చడి వేసి, మజ్జిగ పోసి, చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందించి, అప్పుడు అంది, "నీ ఇష్టం." అంతే. ఆ మాట సంచిలో కాగితాలకన్నా బరువుగా ఉంది. కిటికీలోంచి మిరప చేలు వెనక్కి పోతున్నాయి, చేల మధ్య కల్లాలు, కల్లాల మీద ఎర్రగా ఆరబోసిన కాయలు, వాటి మధ్య కూర్చుని తాలు ఏరే ఆడవాళ్ళు. తెల్లమచ్చ పడిన కాయ చేతికి తగలగానే పక్కకు పోతుంది. ఎట్టా తెలిసిందమ్మా అని అడిగితే ఏం చెబుతారు, చూస్తే తెలవదా అంటారు. చూస్తే తెలవదా. జక్రయ్య కూడా అదే అనుంటాడు. తనకు తెలిసినదాని గురించి మనిషి ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు.

గొళ్ళెం. పేటలో దాన్ని జక్రయ్య గొళ్ళెం అంటారు. పేటెంటు దరఖాస్తులో ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ సిస్టమ్ అని రాశారు, ఆ పేరు విని ఇది నాదేనా అని అడిగాడు జక్రయ్య. విషయం చిన్నది. ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలిస్తారు, ఆ ట్రక్కుకు బ్రేకులుండవు. బస్తాలెత్తి కాలువ కట్ట దిగుతుంటే బరువంతా వెనకనుంచి ట్రాక్టరును నెడుతుంది. గేరులో ఉంటే ఇంజను పట్టి ఆపుతుంది. కాని దిగుడు కనబడగానే డ్రైవర్లు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చేసి వదిలేస్తారు, ఎందుకంటే యజమాని డీజిలు లెక్క అడుగుతాడు, ప్రాణం లెక్క అడగడు. వదిలేసిన బండి వేగం అందుకున్నాక మళ్ళీ గేరు పడదు, ఎంత కుమ్మినా పడదు. అప్పుడు బ్రేకు తొక్కుతారు. ట్రాక్టరుకు చక్రానికొక బ్రేకు, కంగారులో ఒకటే పడుతుంది, ఒక చక్రం ఆగి రెండోది ఆగదు, బండి అడ్డం తిరుగుతుంది, వెనకున్న ట్రక్కు మీదికొస్తుంది. జక్రయ్య చేసిందేమిటంటే, ట్రక్కు తగిలించే కొక్కెం దగ్గర ఒక స్ప్రింగు పెట్టాడు. ట్రాక్టరు ట్రక్కును లాగుతున్నంతసేపు అది ఊరుకుంటుంది. ట్రక్కు ట్రాక్టరును నెట్టడం మొదలుపెట్టగానే స్ప్రింగు నలుగుతుంది, నలిగితే ఒక తీగ లాగుతుంది, తీగ లాగితే గేరు కర్ర పక్కన గొళ్ళెం పడుతుంది. పడ్డాక ఆ కర్ర న్యూట్రల్‌కు రాదు, నీ తాత దిగొచ్చినా రాదు. బండి గేరులోనే దిగాలి. కింద చదునుకొచ్చి మళ్ళీ లాగుడు మొదలయ్యాక గొళ్ళెం దానంతటదే లేస్తుంది. అంతే.

అంతే అనడమే కొంప ముంచింది. చూసిన ప్రతివాడూ ఓస్ ఇంతేనా అన్నాడు. ట్రక్కులు తయారుచేసే ఒక కంపెనీ కూడా ఇంతేనా అని, దానికి ఆకుపచ్చ రంగు పూసి, ఇనుములో తన పేరు పోతపోసి అమ్ముకోవడం మొదలుపెట్టింది. జక్రయ్య అంతకుముందే పెట్టుకున్న పేటెంటు దరఖాస్తుకు అడ్డం పడింది. స్ప్రింగు పాతదే, తీగ పాతదే, గొళ్ళెం తాతలనాటిది, మూడూ కలపడం ఎవరికైనా ఇట్టే తట్టే సంగతి, ఇందులో కొత్తగా కనిపెట్టిందేముంది అని వాళ్ళ వాదన. రెబ్కా చేసే పచ్చడిలో మిరపపండు పాతదే, చింతపండు పాతదే, ఉప్పు పాతదే, మరి పక్కింటామె పచ్చడికి ఆ రుచి ఎందుకు రాదండీ అని జక్రయ్య అడిగితే లాయరుగారు నవ్వారు గాని రాసుకోలేదు. ఇట్టే తట్టేది. ఎవరికి తట్టేదండీ అంటే, చట్టంలో ఒక మనిషి ఉన్నాడన్నారు. పని తెలిసిన మామూలు మనిషి. మరీ తెలివిగలవాడు కాదు, మరీ మొద్దూ కాదు. పాత పద్ధతులన్నీ తెలిసినవాడు, పనిముట్లన్నీ పట్టినవాడు. వాడికి తట్టేదైతే పేటెంటు రాదు, తట్టనిదైతే వస్తుంది. ఎవరండీ వాడు, ఏ ఊరు, కంపెనీవాళ్ళు వాణ్ణి చూపించారా? వాడు నిజంగా లేడయ్యా జక్రయ్యా, ఊహ, అన్నారు లాయరుగారు. అప్పటినుంచి ఆ లేని మనిషి జక్రయ్యను వదలడం లేదు. ట్రాక్టర్లు బాగుచేసే తన షెడ్డులో నట్టు విప్పుతుంటే వెనక నిలబడ్డట్టుంటుంది. నూనె మరకల ఖాకీ చొక్కా, చేతులు కట్టుకుని, ఇది నాకూ తట్టేదేలే అన్నట్టు చూస్తాడు. ముఖం ఉండదు. మనిషి చేతిలో ఓడిపోతే సరే, మనిషి కానివాడి చేతిలో ఓడిపోయానని పేటలో ఎట్టా చెప్పుకోవాలి?

పెదనందిపాడులో బస్సు ఆగింది. ఎవరో మిరప బస్తా వెనక గుమ్మంలోంచి ఎక్కించారు. ఘాటు బస్సంతా పాకింది, ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు, కండక్టరు తిడుతూనే తుమ్మాడు. పీరు భుజం మీది తువ్వాలు ముక్కుకు కట్టుకుని, దాని లోపలినుంచి మాట్లాడాడు.

"ఒరేయ్ జక్రీ, మొహం అట్టా పెట్టావేంరా, నిన్నేదో ఉరి తియ్యడానికి తీసుకుపోతున్నట్టు."

"నోరు మూసుకుని కూర్చోరా."

"సంతకమేగా. నేను వేలిముద్ర వెయ్యడానికి జిన్నింగు మిల్లు గేటు కాపలా వదిలి రాలా? ఇంట్లో జైనాబీ తిట్టింది, కూలి పోగొట్టుకుని పోతున్నావని. కాలు ఎట్టా పోయిందో చెప్పాలంట, పోయినోణ్ణి నేనేగా చెప్పాల్సింది అన్నా."

పీరు కాలు సంగతి లాయరుగారు ఊరికే పెట్టించారు, కేసుకు కాస్త బరువొస్తుందని. జాలి వేరు, చట్టం వేరు అని ముందే చెప్పారు. కాగితాల్లో ఇంకోచోట ఖాళీ వదిలారు. ఈ ఆలోచన మొదట ఎప్పుడు, ఎక్కడ, ఏ పరిస్థితిలో కలిగింది. జక్రయ్య గుర్తులేదన్నాడు. అదొక్కటీ అబద్ధం. నిన్న జరిగినట్టు గుర్తుంది. గుర్తుంది గనుకే పీరు పక్కన కూర్చుని ఉండగా ఆ ఖాళీ వంక చూడబుద్ధి కాలేదు. బస్సు కదిలింది. ఒకటి, రెండు, గరగర, మూడు. తొక్కరా నాయనా, అడుక్కంటా తొక్కు.

కోతపండుగ. పేటవాళ్ళకు పొలాలెక్కడివి, కూలికొచ్చిన దాంట్లోంచే పిడికెడు తెస్తారు. ఆ యేడు కూడా అయ్యగారు నిలబడే పుల్పిటు ముందు మిరపకాయలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టి పడేసిన కోళ్ళు, మధ్యమధ్య అవి అరవడం, అయ్యగారు ప్రసంగం ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు దేవుడికివ్వాలి. నీ పంట ఇదేగా అని రెబ్కా అంటే, షెడ్డులో చేసిన మొదటి గొళ్ళేన్ని నూనె గుడ్డతో తుడిచి తెచ్చి గుమ్మడికాయల పక్కన పెట్టాడు జక్రయ్య. దరఖాస్తు అప్పటికే పెట్టి ఉన్నాడు గనుక భయం లేదనుకున్నాడు. అయ్యగారు సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యం చెప్పడానికి ఒక తీరుంది. లేచి నిలబడతావు, నేను ఎందుకూ పనికిరానివాణ్ణి అంటావు, మట్టిపురుగును అంటావు, నాదేమీ లేదు అంతా ప్రభువు చేశాడంటావు, అందరూ ఆమేన్ అంటారు, కూర్చుంటావు. పుట్టినప్పటినుంచీ అదే విన్నాడు. సంతోషకుమారి టీచరమ్మ జిల్లాకే మొదట వచ్చినప్పుడు కూడా నాకేమీ రాదు, పరీక్ష ప్రభువే రాశాడంది. మర్నాడు హెడ్మాస్టరొచ్చి, నీకేమీ రాదటగా, ఉద్యోగం మానెయ్ అన్నాడా? అనడు. ఆ మాట ఎక్కడిదో, ఎందుకన్నదో వినేవాళ్ళకు తెలుసు. జక్రయ్య కూడా లేచి అలాగే అన్నాడు. "ఇందులో నాదేమీ లేదు. ఏ చిన్నపిల్లాడికైనా తట్టేదే. ప్రభువు చూపించాడు, నేను చేశాను." ఆమేన్ అన్నారు. కోడి కూడా అరిచింది.

నిజానికి జక్రయ్య అణకువ మనిషేమీ కాదు. తన పని గురించి తనే గొప్పలు చెప్పుకుంటాడు, షెడ్డుకొచ్చిన రైతుతో నీ పాత మెకానిక్కు గాడిదలు కాసుకోవాలంటాడు. కాని చర్చిలో నిలబడి గొప్పలు చెప్పుకునేవాడు పేటలో ఇంతవరకు పుట్టలేదు. ఆరాధన అయ్యాక తెచ్చినవన్నీ వేలం వేశారు, ఎప్పుడూ వేసేదే, వచ్చింది సంఘానికి పోతుంది. గొళ్ళేన్ని ఇమ్మానియేలు పాడుకున్నాడు. ఇమ్మానియేలు సంఘపెద్ద, వరసకు బావమరిది, జక్రయ్య షెడ్డులోనే చేతికి గ్రీజు అంటించుకుని పని నేర్చినవాడు. తర్వాత ఆ కంపెనీ డీలరు దగ్గర అమ్మకాల పనిలో చేరి ఇస్త్రీ చొక్కాలకు మారాడు. పాడుకున్నది పట్టుకుపోయి డీలరుకు చూపించాడు, మా బావ చేశాడండీ అని గర్వంగానే చూపించుంటాడు. అక్కణ్ణుంచి అది కంపెనీకి పోయింది. ఆకుపచ్చ రంగు అక్కడ పడింది. కేసు వచ్చాక కంపెనీ లాయర్లు ఇమ్మానియేలు చేత ప్రమాణపత్రం రాయించారు. నేను ట్రాక్టరు పనిలో పదేళ్ళు అనుభవము గలవాడను, జక్రయ్యగారు తమ పనిని ఏ చిన్నపిల్లవానికైనా తట్టేదే అని బహిరంగముగా ఒప్పుకొనగా స్వయముగా విన్నాను. పేటెంటు ఆఫీసులో పెద్దాయన దాన్నే పట్టుకుని, దరఖాస్తుదారుడే ఒప్పుకున్నాడు గదా అని కొట్టేశాడు. జక్రయ్య వీధిలో ఇమ్మానియేలును నిలేశాడు. "నేనేమన్నా కల్పించానా బావా? నువ్వన్న మాటే రాశా. అనలేదంటావా, చెప్పు" అన్నాడు వాడు. అన్నాడు. జక్రయ్య నిజంగానే అన్నాడు. వాడూ అబద్ధమాడలేదు, తనూ అబద్ధమాడలేదు, మధ్యలో కేసు పోయింది.

పోతే పోనీరాదా అంది రెబ్కా ఒకసారి. పేటెంటు లేకపోతే ప్రతి ఊళ్ళో ప్రతి వెల్డింగు షాపువాడూ చేసుకుంటాడు, బళ్ళు బోల్తాపడవు, మంచిదేగా అంది. మంచిదే. అందరూ చేసుకోవడం మంచిదే. జక్రయ్యకు డబ్బు అక్కర్లేదనీ కాదు, కావాలి, దాపరికమేముంది. కాని అంతకన్నా గొంతులో అడ్డం పడేది ఇంకోటుంది. అతని తండ్రి తోలు తొండాలు కుట్టేవాడు, ఎద్దులతో బావినీళ్ళు తోడే కపిలెలకు. పర్చూరు చుట్టుపక్కల ఎవరి తొండమైనా ఒక పంటకాలానికే కుట్లు ఊడేది, ఆయన కుట్టింది ఊడేది కాదు. కుట్టు వేసేచోట తోలును ఎలాగో రెండు మడతలు తిప్పేవాడు. రైతులు పట్టుకుపోయి, ఆఁ తోలు కుట్టడం వాళ్ళ కులపనేగా, ఎవడైనా కుడతాడు అనేవాళ్ళు. ఎవడైనా అయితే ఇక్కడికే ఎందుకొచ్చావు? ఆ మాట ఆయన అడగలేదు. ఆయన పోయాడు, మోటార్లొచ్చాయి, తొండాలు పోయాయి, ఆ మడత ఏమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదు. పేటవాడి చెయ్యి చేస్తే అది ఎవడైనా చేసేదే. తెల్లచొక్కావాడు చేస్తే కనిపెట్టాడంటారు. కారంచేడులో పేటవాళ్ళను నరికిన ఘోరం జరిగి రెండేళ్ళు తిరగలేదు, పేటలో మనుషులు ఇంకా కొత్తగా మాట్లాడటం నేర్చుకుంటున్నారు, ఇది మాది అనే మాట నోట్లో తిప్పి చూసుకుంటున్నారు. అలాంటప్పుడు పోనీలే అంటే ఎట్టా? అందరూ చేసుకోండి. కాని జక్రయ్య చేశాడని ఒక కాగితం మీద ఉండాలి. ప్రభుత్వం ముద్రతో ఉండాలి. దానికోసం చర్చిలో చెప్పింది అబద్ధమని రాయాలి. అదీ మెలిక. రాస్తే వచ్చే ఆదివారం రెబ్కా పక్కన ఎట్టా నిలబడతాడు, ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతుంటే ఆమేన్ అని ఎట్టా అంటాడు. రాయకపోతే ఆ ఖాకీ చొక్కావాడు గెలుస్తాడు.

ప్రత్తిపాడు దాటింది. ముందు సీట్లోని ఆడవాళ్ళు దిగిపోయారు, వాళ్ళ స్థానంలో ఎవరో పెళ్ళివాళ్ళు. రోడ్డు వాగు వంతెన మీదికి ఎక్కుతోంది, మూడు, రెండు, ఇంజను రొప్పుతోంది, వంతెన మీద చల్లగాలి, కింద చాకళ్ళు ఆరేసిన తెల్లగుడ్డలు. అవతలి దిగుడు మొదలైంది. అప్పుడు గరగర వినబడలేదు. ఏమీ వినబడలేదు. ఇంజను చప్పుడు ఒక్కసారిగా పలచబడిపోయి, బస్సు జారుతున్నట్టు, నీళ్ళ మీద పోతున్నట్టు పోతోంది. డ్రైవరు న్యూట్రల్ చేశాడు. జక్రయ్య ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. పట్టుకుంటూ పక్కకు చూస్తే, పీరు చెయ్యి అప్పటికే కడ్డీ మీద ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. ఇద్దరే. బస్సులో మిగతావాళ్ళు మాట్లాడుకుంటున్నారు, ఒకామె పిల్లకు జడ అల్లుతోంది, ఒకాయన నిద్రపోతున్నాడు, పెళ్ళివాళ్ళు లడ్డూల గురించి పోట్లాడుకుంటున్నారు. అందరికీ అదే చప్పుడు, అందరి ఒంటికీ అదే జారుడు. చదును వచ్చింది. డ్రైవరు మళ్ళీ గేరు వేశాడు, పళ్ళు గీరుకున్నాయి, జక్రయ్యకు ఆ గీరుడు ఎంత హాయిగా వినబడిందో చెప్పలేడు. పీరు చెయ్యి తీసి, చొక్కాకు అరచెయ్యి తుడుచుకున్నాడు.

"నీకు ఎప్పుడు తట్టిందిరా అది?" అన్నాడు పీరు. "గొళ్ళెం సంగతి. లాయరు నన్నడిగాడు మొన్న. వాణ్ణే అడగండి, నాకేం తెలుసన్నా."

గుర్తులేదు అని నోటిదాకా వచ్చింది. సత్తెనపల్లి అవతల కాలువ కట్ట. పీరు తోలుతున్న బండి మీద పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలు. ఇంకో బండి పాడైతే బాగుచెయ్యడానికి వెళ్ళి, తిరిగి వస్తూ వెనక బండిలో జక్రయ్య, ఇమ్మానియేలు. దిగుడు మధ్యలో ముందు బండి అడ్డం తిరగడం, పత్తి బోరేలు ఒకదాని మీద ఒకటి పడటం, దుమ్ము, తర్వాత పీరు గొంతు. ట్రక్కు కిందనుంచి బయటికి లాగి, పక్క చేలో గుడిసె ముందున్న నులక మంచం తెచ్చి దాని మీద పడుకోబెట్టారు. కట్ట కింద రోడ్డు మీద ఒక లారీ ఆగింది. కట్ట దిగాలి. మంచం వెనక కోళ్ళు చేను ఆసామి పేరయ్య, లారీ క్లీనరు అల్లాబక్షు పట్టారు, ముందు కోళ్ళు జక్రయ్య, ఇమ్మానియేలు. చదునుగా ఉన్నంతసేపు మంచం చేతిని వెనక్కి లాగింది. దిగుడు మొదలవగానే లాగడం మానేసి నెట్టింది. ఆ మారడం అరచేతికి తెలిసింది, కోడు అరచెయ్యి వదిలి మణికట్టుకు తగిలింది. ఇది చేతికి తెలుస్తోంది, కొక్కేనికి తెలిస్తే చాలు గదా అనుకున్నాడు జక్రయ్య. మంచం మీద స్నేహితుడు రక్తం కారుతూ అల్లాను పిలుస్తుంటే, తన బుర్ర స్ప్రింగు గురించి ఆలోచించింది. అందుకే ఆ ఆలోచన తనదని చెప్పుకోబుద్ధి కాలేదు. చర్చిలో ప్రభువు చూపించాడన్నప్పుడు అది ఒట్టి ఆనవాయితీ కాదు, నిజంగానే అన్నాడు. తనది కాకపోతే బాగుండని అన్నాడు.

"మంచం మోస్తున్నప్పుడు" అన్నాడు. "నిన్ను కట్ట దించుతున్నప్పుడు."

పీరు తల తిప్పి చూశాడు. తర్వాత తువ్వాలు వెనకనుంచి నవ్వొచ్చింది.

"ఓరి నీ దుంప తెగ. నేను పైన ఏడుస్తుంటే నువ్వు కింద స్ప్రింగు బిగిస్తున్నావా?"

"అదేరా. అందుకే ఎవరికీ చెప్పలా."

"చెప్పకపోవడమేంది? నా కాలికి అదొక్కటే దక్కింది. దాన్ని కూడా దాచిపెట్టావా?" పీరు నవ్వు ఆపి ముక్కు తుడుచుకున్నాడు. "ముందు కోళ్ళు నువ్వొక్కడివే పట్టలేదుగా. ఆ పక్క ఎవరు?"

"ఇమ్మానియేలు."

"నాకు వాడి చొక్కా గుర్తే. దాన్నే చింపి కట్టారు నా కాలికి. అయితే వాడి చేతిని కూడా నెట్టిందా మంచం?"

"నెట్టకుండా ఎట్టా? ఇద్దరం సమానంగానే పట్టాం."

"మరి వాడికెందుకు తట్టలా?"

జక్రయ్య సంచిలోంచి కాగితాలు తీశాడు, అడుగునుంచి ఇమ్మానియేలు ప్రమాణపత్రం నకలు లాగాడు. నేను ట్రాక్టరు పనిలో పదేళ్ళు అనుభవము గలవాడను. పాత పద్ధతులు తెలిసినవాడు. పనిముట్లన్నీ పట్టినవాడు. మరీ తెలివిగలవాడు కాదు, మరీ మొద్దూ కాదు. ఖాకీ చొక్కాకు ముఖం వచ్చింది. ఊహ కాదు, పర్చూరు మనిషి, వరసకు బావమరిది, పని తెలిసిన మామూలు మనిషి, సొంత సంతకంతో తనే ఒప్పుకున్నాడు. వాడు ఆ రోజు అక్కడే ఉన్నాడు, తనకు అడుగు దూరంలో, అదే మంచం, అదే దిగుడు, అదే నెట్టుడు వాడి అరచేతిలో కూడా పడింది. తర్వాత గొళ్ళెం చేసేదాకా షెడ్డులోనే ఉన్నాడు, ఏమిటి బావా ఈ స్ప్రింగు, దేనికిది అని అడుగుతూనే ఉన్నాడు. చిన్నపిల్లాడికి తట్టడం సంగతి తర్వాత. మంచం మోసినవాడికే తట్టలేదు. ఇక చర్చిలో అన్న మాటను అబద్ధమని ఎందుకు రాయాలి? ప్రభువు చూపించాడు. నలుగురికీ చూపించాడు. ముందున్న ఇద్దరి చేతుల్లో పెట్టి మరీ చూపించాడు. ఒకడు చూశాడు. రెబ్కాకు ఇది చెప్పొచ్చు. అయ్యగారికి చెప్పొచ్చు. జడ్జీ ఏమంటాడో తెలియదు, జడ్జీలు ఏమైనా అంటారు, లాయరుగారు కూడా గడ్డం గోక్కుని ఇది నిలబడుతుందో లేదో అంటారు. అనుకోనీ. నిలబడినా పడినా ఇది మాత్రం ఉన్నదున్నట్టు.

జేబులోంచి పెన్ను తీశాడు. ఏటుకూరు గతుకుల్లో బస్సు ఎగిరెగిరి పడుతోంది, సొంత మోకాలి మీద పెట్టుకుంటే పెన్ను ఎటో పోతోంది. పీరు కాస్త ముందుకు జరిగి చెక్కతొడ మీద తట్టాడు.

"దీని మీద పెట్టు. ఇది వణకదు."

జక్రయ్య కాగితం ఆ చెక్క మీద పరిచాడు. కోతపండుగనాడు అని మొదలయ్యే వాక్యాన్ని ఈ చివరనుంచి ఆ చివరదాకా కొట్టేశాడు. ఎప్పుడు, ఎక్కడ అని ఉన్న ఖాళీ దగ్గరికొచ్చి, అక్షరాలు పెద్దవి చేసి, నింపాదిగా రాశాడు. కాలు పోయిన పీరును కట్ట దించుతున్నప్పుడు. మంచం ముందు కోళ్ళు పట్టింది ఇద్దరం. రెండోవాడు ఇమ్మానియేలు.